ఎడమవైపు ముందు చక్రం

పేకముక్కల కట్ట కనబడడం లేదని రామచంద్ర పొద్దున్నే ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు. టీవీ కింద సొరుగులో ఉండవలసిన కట్ట అది. మధ్యాహ్నం బెల్లం మండీ నుంచి వచ్చి భోంచేశాక, వరండాలో ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కాసేపు రమ్మీ ఆడితే గాని ఆయనకు ఎండాకాలం గడవదు. సొరుగు తన కాపలాలో లేదని, ఆడేవాళ్లే దాచుకోవాలని ఆయన భార్య వరదమ్మ కందిపప్పు చెరుగుతూనే చెప్పింది. ఆయన మనవరాలి మీదికి మళ్లాడు. తనకు రమ్మీ రాదని, నేర్పిస్తానన్న తాతే ఇంతవరకు నేర్పించలేదని లోహిత ఎదురు తిరిగింది. ఆడపిల్లకు పేకాట నేర్పిస్తానన్నావా అని వరదమ్మ చేట కింద పెట్టింది. అంతటితో కట్ట సంగతి పక్కకు పోయి, ఆ ఇంట్లో ఎవరు ఎవరిని చెడగొడుతున్నారనే చర్చ మొదలైంది.

పెద్దకోడలు పవిత్ర పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మోచేతుల దాకా నల్లటి మసి. పాత చుడీదారు మీద మొగుడి చొక్కా తొడుక్కొని ఉంది. ఆ చొక్కా జేబులోంచి పేకముక్కలు తొంగి చూస్తున్నాయి.

“కట్ట నా దగ్గరుండాది మామా,” అంది. “చక్రానికి కావాల్సొచ్చింది.”

రామచంద్ర అర్థంకానట్టు చూశాడు. కారు చక్రానికి రంగు కొట్టేటప్పుడు అంచుకూ టైరుకూ మధ్య పేకముక్కల్ని గుచ్చుకుంటూ పోతే, ఒకదాని మీద ఒకటి ఎక్కి చుట్టూ గోడలాగా నిలబడతాయని, రంగు టైరు మీద పడదని ఆమె వివరించింది. న్యూస్‌పేపరైతే వంపు దగ్గర ముడతలు పడుతుంది. ముక్కలు పాడుకావని, అంచులకు కాస్త రంగు అంటుతుందంతేనని, సాయంత్రానికి కొత్త కట్ట తెప్పిస్తానని కూడా చెప్పింది. ఆయన ఊరుకున్నాడు గాని వరదమ్మ ఊరుకోలేదు.

“గీకేది నువ్వే, పూసేది నువ్వే. మధ్యలో మీ మామ పేకముక్కలు ఏం పాపం చేసినాయి?”

పవిత్ర వెనక్కి తిరిగి పెరట్లోకి పోయింది.

పోయిన ఆదివారం కారు తుడుస్తుంటే రామచంద్రకు ఎడమవైపు ముందు చక్రం మీద ఆ గీకుడు కనబడింది. అంచు వెంబడి జానెడు పొడవున వెండిరంగు లేచిపోయి, లోపలి లోహం గరుగ్గా పైకి తేలి ఉంది. ముందురోజు సాయంత్రం కారు తీసింది పవిత్ర. ఇంటి గేటు ఇరుకు, అటూ ఇటూ రాతి స్తంభాలు, ఆమె డ్రైవింగ్ నేర్చుకొని ఏడాది కూడా కాలేదు. విచారణ అక్కడితో ముగిసింది. “వదినకు కొత్త కదా నాయనా, పోనీలే,” అని మరిది ఢిల్లీబాబు అడ్డం కూడా వచ్చాడు. ఆ మంచితనం ముందు ఆమె మాట ఇంకెవరి చెవికీ ఎక్కలేదు. పూజగది పక్కన మేకుకు వేలాడే కారు తాళం ఆ పూటే మామ చొక్కా జేబులోకి మారింది.

తాళంతో పాటు పాకాల కూడా ఆమె చేయి దాటిపోయింది. పాకాలలో ఒక ప్రైవేటు స్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న స్టెల్లా, తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు పవిత్రకు సీనియరు. బడులు తెరిచేనాటికి సైన్సు చెప్పడానికి రమ్మని అడిగింది. పొద్దున చిత్తూరులో ఒక బస్సు పట్టుకుంటే అక్కడ మొదటి గంట తప్పుతుంది. దాని ముందు బస్సు పట్టుకుంటే ఇక్కడ వంట తప్పుతుంది. కారైతే రెండూ తప్పవు. మామ సరేనన్నాడు కూడా, ఆ గీకుడు కనబడేదాకా. సోమవారం బడి తెరుస్తారు. వస్తుందో రాదో ఆదివారం సాయంత్రానికల్లా స్టెల్లాకు చెప్పాలి.

ఆ ఆదివారమే తిరుపతిలో ఢిల్లీబాబుకు పెళ్లిచూపులు. గీసుకుపోయిన చక్రంతో మంచి పనికి బయలుదేరడం వరదమ్మకు మనస్కరించలేదు. ప్రతి శుక్రవారం ఆమె నాలుగు చక్రాలకూ పసుపూ కుంకుమా పెడుతుంది. తాను పసుపు పూసిన మర్నాడే చక్రం గీసుకుపోయిందని, ఆ పసుపు గీకుడులో ఇంకా ఇరుక్కొని కనబడుతోందని, అది మంచి శకునం కాదని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పింది. చక్రాలకు రంగులు వేసే తిరుపతి షాపువాళ్లు వారం ఆగమన్నారు. అప్పుడు పవిత్ర, తానే వేస్తానంది. ఒక్క చక్రానికే వేస్తే కంపెనీ వెండిరంగుతో కలవదు, అతుకు తెలుస్తుంది. నాలుగింటికీ వేస్తే అదే కొత్త రంగు అవుతుంది. కంచు రంగు ఎంచుకుంది.

అందరికంటే తక్కువగా కళ్లబడేది కుడివైపు వెనక చక్రం కాబట్టి చెయ్యి తిప్పుకోవడానికి దానితో మొదలుపెట్టింది. మండీకి పోయేముందు భర్త బాలచంద్ర జాకీ ఎత్తి, ఆ చక్రం విప్పి, స్టెప్నీ బిగించి, చేసే వరస చూపించి పోయాడు. మిగతావి తానే విప్పుకుంటానని ఆమె చెప్పింది. గోతాం పరిచి దాని మీద చక్రాన్ని పడుకోబెట్టి, బట్టల సబ్బుతో, పాత పళ్లబ్రష్షుతో ఊచల సందులన్నీ తోమింది. బ్రేకు మసి అన్నం గిన్నె అడుగు మాడినట్టు పట్టుకొని ఉంది. తోమి, ఆరబెట్టి, ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దింది. మెరుపు ఉన్నచోట కొత్త రంగు నిలవదు. ఆ తర్వాత థిన్నరు గుడ్డతో తుడిచి, మళ్లీ వేలితో కూడా ముట్టుకోలేదు. తలకు నూనె రాసుకున్న చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ రంగు చేపకన్నులాగా విచ్చుకుంటుందని ఆమెకు తెలుసు. నట్లు కూర్చునే రంధ్రాల్లో కాగితం చుట్టి దూర్చింది. గాలి కొట్టే మూతికి టేపు చుట్టింది. చివర పేకముక్కలు.

ప్రైమరు బాగానే కూర్చుంది. కంచు రంగు మొదటి పూత కూడా. రెండో పూతలో ఆశపడింది. స్ప్రే డబ్బాను ఒకేచోట కాసేపు ఎక్కువగా పట్టడంతో రంగు కన్నీటిచుక్కలాగా కిందికి జారింది. గుడ్డతో తుడవబోయి ఆగింది. తడి మీద చెయ్యి పెడితే చుక్క పోయి మచ్చ అవుతుంది. ఆరేదాకా కాచుకొని, రుద్ది, మళ్లీ కొట్టింది. ఈసారి డబ్బా నొక్కడం చక్రానికి అవతల మొదలుపెట్టి, చక్రం మీదుగా చెయ్యి పోనిచ్చి, ఇవతల వదిలింది. ఎండెక్కితే రంగు గాలిలోనే ఆరి ఇసకలాగా పడుతుంది. రోడ్డు మీద మామిడికాయల లారీలు మొదలైతే దుమ్ము పడుతుంది. ఒడియాలు పెట్టేందుకూ ఈ పనికీ ఒకే వేళ అనుకుంది. ఎండ గోడ దిగి పెరట్లోకి రాకముందే, రంగు మీద మెరుపు కోసం వేసే ఆఖరి పూత కూడా ముగించి, చక్రాన్ని గోడకు ఆనించి, దూరంగా పోయి చూసింది. దగ్గరికి వచ్చి మళ్లీ చూసింది. జారిన చోటు తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తనకు తెలిసింది కదా అని కాస్త చిరాకుపడింది.

సాయంత్రం ఢిల్లీబాబు స్నేహితుడి టూవీలర్ అడిగి తీసుకొని బంగారుపాళ్యం నుంచి వచ్చాడు. సీజన్లో అతను అక్కడ ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలించే పని చూసుకుంటాడు. మామూలుగా కారులోనే పోయి వస్తాడు. చక్రాల పని అయ్యేదాకా కారు కదలదని ఈ బండి మీద పోవలసి వచ్చింది. తలలోని దుమ్ము దులుపుకుంటూ వచ్చి, గోడకు ఆనించిన చక్రాన్ని చూసి నవ్వాడు.

“ఏం వదినా, ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమినట్టుండాది. షాపులో ఇచ్చుంటే సరిపోయేది కదా. ఆడోళ్లు చేసిందని సూస్తానే తెలిసిపోతాది.”

“యాడ తెలుస్తాంది?” పవిత్ర నిజంగానే అడిగింది. చెబితే సరిచేసుకుందామని.

అతను వంగి చూశాడు. ఇటు తిరిగి చూశాడు. ఏదో ఉంటుందిలే అన్నట్టు చెయ్యి ఊపి, లోపలికి పోబోతూ ఆగి, ఆ ఎడమవైపు ముందుది మాత్రం ముట్టుకోవద్దని, దాన్ని తాను బంగారుపాళ్యం తీసుకుపోయి తెలిసినవాళ్ల దగ్గర గీకుడు తీయించుకొస్తానని చెప్పాడు. ఆమెకు అది కష్టమవుతుందట. అడక్కుండానే సాయం చేస్తానన్నాడని పవిత్ర అనుకుంది. అయినా పని సగంలో ఇంకొకరి చేతికి ఇవ్వడం ఆమెకు అలవాటు లేదు. వద్దులే అంది.

శుక్రవారం ఆమె కుడివైపు ముందుదీ, ఎడమవైపు వెనకదీ ముగించింది. స్పానరు మీద కాలు పెట్టి తొక్కి నట్లు వదులు చెయ్యడం, చక్రం ఎత్తకముందే వదులు చేసుకోవడం, బిగించేటప్పుడు ఎదురెదురుగా బిగించడం, అన్నీ చేతికి వచ్చేశాయి. పని మధ్యలో వరదమ్మ తలస్నానం చేసి, పళ్లెంలో పసుపూ కుంకుమా కలుపుకొని వచ్చింది. కొత్త రంగు మీదికి మూడు వేళ్లూ చాచబోతుంటే పవిత్ర అడ్డం నిలబడింది.

“తడి మీద పెడితే రంగులో కలిసిపోతాది అత్తా. ఈ మూడింటికీ ఆదివారం పొద్దున పెడుదురు.”

“శుక్రవారం పెట్టే బొట్టు ఆదివారం పెట్టమంటావా. మొగుడి చొక్కా ఏసుకుంటే ఇంటికి మొగోడివైపోయినావా ఏం?”

పవిత్ర పక్కకు జరగలేదు. వరదమ్మ పళ్లెం పట్టుకొని కారు చుట్టూ తిరిగి, ఇంకా రంగు పడని ఎడమవైపు ముందు చక్రం దగ్గర కూర్చుంది. ఇదొక్కటైనా తనకు మిగిలిందని గొణుక్కుంటూ, ఎప్పటికంటే రెండింతలు పసుపు తీసి, అంచు మీదా గీకుడు మీదా అంతా మెత్తింది.

మధ్యాహ్నం స్టెల్లా ఫోను చేసింది. ఇంకొకావిడ కూడా అడుగుతోందట. ఆదివారం సాయంత్రం దాటితే తాను ఆగలేనని చెప్పింది. ఆదివారం చెబుతానని పవిత్ర అంది. ఫోను పెట్టేశాక, వరండాలో కొత్త కట్టతో రమ్మీ ఆడుతున్న మామ వైపు చూసింది. చొక్కా జేబు తాళం బరువుకు ఒకవైపు సాగి ఉంది. ఆయన్ని అడగవచ్చు. అడిగితే గేటు స్తంభాల గురించి చెబుతాడు. స్తంభం తనకు తగల్లేదని గట్టిగా చెప్పాలంటే ముందు తనకు నమ్మకం ఉండాలి. కారు తీసిన ఆ సాయంత్రం కూతురు లోహిత వెనక కూర్చుని పాడుతూ ఉండింది. శబ్దం వినబడలేదేమో. స్టీరింగు చేతికి ఏమీ తెలియలేదు, కాని తనది కొత్త చెయ్యి. వారం రోజులుగా అందరూ అంటుంటే, తన చేతుల మీద తనకే అనుమానం పుట్టింది. అన్నిటికంటే అదే ఆమెను బాధపెట్టింది.

శనివారం పొద్దున ఎడమవైపు ముందు చక్రం విప్పి గోతాం మీద పడుకోబెట్టింది. వరదమ్మ మెత్తిన పసుపు ఎండి, పొరలు పొరలుగా ఉంది. చెంబుతో నీళ్లు పోసి, బట్టల సబ్బు అరగదీసి, బ్రష్షుతో తోమడం మొదలుపెట్టింది. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడింది. చీరకు పసుపు మరక పడి సబ్బు పెడితే ఎర్రబడేది ఏ ఇంట్లో తెలియదు? పెళ్లిలో పసుపులో సున్నం కలిపి కాళ్లకు పారాణి పెట్టేదీ అదే లెక్క. డిగ్రీలో దాని గురించి ఒక ప్రాక్టికల్ కూడా చేసింది. ఆ ఎరుపు అంచు చుట్టూ నురగతో పాటు జారి గోతాం మీదికి పోతుంటే పట్టించుకోకుండా తోముతోంది. నీళ్లు కుమ్మరించింది. అంచు శుభ్రంగా తేలింది.

గీకుడులో పసుపు అట్లాగే ఉంది.

ఇంకా పోలేదేమో అనుకుంది. సబ్బు నేరుగా దాని మీద పెట్టి రుద్దింది. ఎర్రబడలేదు. వేలిగోరుతో గీరింది. గోరు కింద చిన్న పెచ్చు లేచి వచ్చింది. గట్టిగా, నున్నగా, ఒకవైపు మెరుస్తూ. దాని పక్కనే, లోహపు గరుకులో నల్లటి గీత ఒకటి. పవిత్ర ఆ పెచ్చును అరచేతిలో పెట్టుకొని ఎండకు పట్టి చూసింది. పెయింటు. గేటు స్తంభాలు కొండరాయివి, వాటికి ఇంతవరకు సున్నం కూడా ఎవరూ కొట్టలేదు.

పోయిన నెల ఆవకాయకు కాయలు తెచ్చుకోవడానికి అత్తా తానూ బంగారుపాళ్యం పోయారు. ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటాకు అటూ ఇటూ మోకాలెత్తు సిమెంటు దిమ్మెలు. ఒక చార పసుపు, ఒక చార నలుపు. ఎండలో కళ్లు చెదిరేంత కొత్త పెయింటు. పోయిన శనివారం మధ్యాహ్నం దాకా కారు అక్కడే ఉంది.

ఆమెకు మొదట వచ్చింది కోపం కాదు. తన కుడిచెయ్యి చాచి, సబ్బుకు ముడతలు పడిన వేళ్లను ఒకసారి మూసి తెరిచింది. ఈ చెయ్యి సరిగ్గానే తిప్పింది. గేటులోంచి కారును సరిగ్గానే తెచ్చి నిలబెట్టింది. పెరట్లో ఎవరూ లేకపోయినా ఆమె ముఖం విచ్చుకుంది.

తరువాత లేచి, వంటింటి కిటికీ దగ్గరికి పోయి, అత్తను ఒకసారి రమ్మంది.

వరదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నిన్నటి బొట్టు తగాదా ఇంకా ముఖంలో ఉంది. పవిత్ర టైరు మీద ఒకచోట ఇంకా మిగిలిన పసుపు చూపించి, సబ్బుముక్క ఆమె చేతికిచ్చి రుద్దమంది. వరదమ్మ విసుగ్గానే రుద్దింది. బొటనవేలు ఎర్రబడింది. పవిత్ర గీకుడు చూపించి అక్కడా రుద్దమంది. వరదమ్మ రుద్దింది. ఇంకాస్త రుద్దింది. వంగి, కళ్లజోడు సరిచేసుకొని, గోరుతో గీరింది. నాలుగు పెళ్లిళ్లకు పారాణి కలిపిన మనిషి, ఇంకొకరు వివరించే పని లేదు.

“ఇది పసుపు కాదు,” అంది.

వరదమ్మ తల తిప్పి గేటు వైపు చూసింది. బూడిదరంగు రాళ్లు, ఏ పూతా లేనివి. మళ్లీ గీకుడు చూసింది. ఆమె పెదవులు కదిలాయి. లోపల లెక్క కలుస్తున్నట్టు, ముఖం మెల్లగా మారింది.

“కాటా కాడ దిమ్మెలు,” అంది చాలా చిన్నగా. అని, గోతాం పక్కనున్న బట్టలుతికే రాయి మీద కూలబడింది. కాసేపటికి, ఎటో చూస్తూ, “రేపు ఆదివారమే,” అంది.

అది ఒప్పుకోలో బతిమాలుకోవడమో పవిత్ర అడగలేదు. లోపలికి పోయి మామను పిలవవచ్చు. ఫోటో తీసుకోవచ్చు, ఫోను జేబులోనే ఉంది. ఉప్పుకాగితం మడిచి, గీకుడు మీద పెట్టింది.

“అంతా పోతాదా?” వరదమ్మ అడిగింది.

“పోతాది అత్తా. ఆనవాలు కూడా ఉండదు.”

రుద్దడం మొదలుపెట్టింది. పచ్చటి పొడి లేచి కాగితానికి అంటుకుంది. లోహం పొడి దానితో కలిసి బూడిదరంగు అయింది. తడిపి రుద్దాలి, కాగితం తొందరగా మొద్దుబారుతోంది. నీళ్ల కోసం ఆమె ఎడమచెయ్యి వెతుక్కుంటుంటే చెంబు దానంతట అదే వంగి సన్నటి ధార పడింది. వరదమ్మ చెంబు పట్టుకొని ఉంది. రాయి మీది నుంచి లేవలేదు. లప్పం పెట్టి, అది ఆరి, మళ్లీ రుద్ది, వేలితో తడిమితే అంచు ఎక్కడా తగలనంతవరకు కూర్చునే ఉంది. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చినా లోహితను కేకేసి చూడమంది గాని కదలలేదు. పేకముక్కలు గుచ్చేటప్పుడు ఒక్కొక్కటే అందించింది. జోకరు చేతికి వస్తే, ఇదీ పనికొస్తుందా అని అడిగింది.

మధ్యాహ్నం మండీ నుంచి వచ్చిన బాలచంద్రకు పవిత్ర సంగతంతా చెప్పింది. అతనికి కోపం వచ్చింది. తమ్ముడి మీద కంటే ఆమె మీద ఎక్కువగా. చేతికి దొరికినదాన్ని చేతులారా గీరి పారేస్తావా, ఇప్పుడు ఎవరికి ఏం చూపిస్తావని అడిగాడు.

“చూడాల్సినామె చూసింది,” అంది ఆమె. “పెళ్లిచూపుల ముందురోజు మీ తమ్ముణ్ని నిలబెట్టి అడిగితే నాకేమొస్తుంది? నాకు కావాల్సింది తాళం.”

ఆదివారం మధ్యాహ్నం తొందరగా భోంచేసి బయలుదేరారు. నాలుగు కంచురంగు చక్రాలకూ వరదమ్మ పసుపు పెట్టింది, ఒక్కొక్క చుక్కే, సరిగ్గా నడిమధ్య మూత మీద. బాలచంద్ర కారు నడిపాడు. రామచంద్ర ముందు కూర్చున్నాడు. వెనక అత్తా కోడళ్ల మధ్య ఢిల్లీబాబు కొత్త చొక్కా నలగకుండా బిగదీసుకొని కూర్చుంటే, లోహిత తల్లి ఒళ్లో కూర్చుంది. దారి పొడుగునా వరదమ్మ చిన్నకొడుకుతో పలకలేదు. పెళ్లిచూపుల కంగారని అందరూ అనుకున్నారు.

పెళ్లికూతురి తండ్రి విజయ్ కుమార్ బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఎదురొచ్చి నమస్కారం చేస్తూ చేస్తూనే ఆయన చూపు కిందికి జారింది. అందర్నీ లోపలికి పొమ్మని, తాను ఎడమవైపు ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. బొటనవేలు అంచు మీద పెట్టి చుట్టూ తిప్పాడు. పవిత్ర మెట్టు మీద ఆగిపోయింది. ఆ వేలు గీకుడున్న చోటికి వచ్చింది, ఆగకుండా దాటిపోయింది.

“యాడ కొట్టించినారప్పా ఈ రంగు?” అన్నాడు ఆయన. “అంచులో కూడా ఒక్క చుక్క జారలేదు. మా డిపోలో ఇట్లా చేసేవాడు ఒక్కడుండేవాడు.”

రామచంద్ర గొంతు సవరించుకున్నాడు. “షాపు కాదప్పా. మా పెద్దకోడలు ఇంట్లోనే చేసింది. నా పేకముక్కలతో.”

అందరూ నవ్వారు. విజయ్ కుమార్ లేచి పవిత్ర వైపు తిరిగి, ఇంకొక మెకానిక్కుకు పెట్టినట్టు నమస్కారం పెట్టాడు.

లోపల పెళ్లికూతురు సుజన కాఫీలు ఇచ్చి, ఎదురుగానే కూర్చుంది. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది, రోజూ తన కారులో తానే పోయి వస్తుంది. మాటల మధ్య, పెళ్లయ్యాక కూడా తాను బండి మానుకోనని నవ్వుతూనే చెప్పి, పవిత్రను చూసి, చక్రాలకు రంగులేసే అక్క కారు కూడా నడుపుతుందా అని అడిగింది. ఆ ప్రశ్న ఎక్కడ తనకు ఎదురు తిరుగుతుందోనని ఢిల్లీబాబు తొందరపడ్డాడు.

“ఎందుకు నడపదు? మా వదిన బలే నడుపుతాది. మా ఇంట్లో అట్లాంటి పట్టింపులేం లేవు.”

వరదమ్మ కాఫీగ్లాసు కింద పెట్టింది. కొడుకు ముఖంలోకి తీరిగ్గా, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పవిత్ర తల వంచుకొని లోహిత జడ సరిచేసింది. ఆమె నవ్వు లోహితకు తప్ప ఎవరికీ కనబడలేదు.

సాయంత్రానికి చిత్తూరు చేరి, కారు గేటులోకి వస్తుండగానే తిరుపతి నుంచి ఫోను వచ్చింది. వాళ్లకు ఇష్టమేనట. రామచంద్ర మెట్ల మీదనే నిలబడి ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేశాడు. ఆ సందట్లో పవిత్ర పెరట్లోకి పోయి స్టెల్లాకు ఫోను చేసి, రేపు వస్తున్నానని చెప్పింది. ఎట్లా వస్తావని స్టెల్లా అడిగింది. కారులోనని చెప్పి పెట్టేసింది. ఇక వెనక్కి పోయే దారి లేదు. లోపలికి పోయి, పొయ్యి మీద రాగిసంగటిని ఉండ కట్టకుండా కెలికి దించింది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. టిఫిన్లు గట్టిగానే తిని వచ్చినా, వేరుశనగపప్పుతో నూరిన ఊరిబిండి వాసనకు అందరికీ ఆకలి లేచింది. ఢిల్లీబాబు సంగటి ముద్దకు గుంట చేసి నెయ్యి పోసుకుంటూ, హుషారుగా తండ్రి వైపు చెయ్యి చాచాడు.

“నాయనా, రేపు పొద్దున్నే లోడు వస్తాది. తాళం ఇచ్చెయ్.”

రామచంద్ర ఎడమచెయ్యి జేబు మీదికి పోయింది.

“రేపు కారు నాకు కావాల మామా,” అంది పవిత్ర. ఆమె గరిటె పక్కన పెట్టి, నిలబడే చెప్పింది. “పాకాల స్కూల్లో చేరుతున్నాను. వస్తానని చెప్పేసినాను. రేపటి నుంచి రోజూ పోవాల.”

రామచంద్ర చెయ్యి జేబు మీదనే ఆగింది. ఆయన భార్యను చూశాడు, పెద్దకొడుకును చూశాడు. బాలచంద్ర, ఆమెను పోనీ నాయనా అన్నాడు. ఢిల్లీబాబు నవ్వి, పోయినసారి లాగానే మెత్తగా అన్నాడు.

“పోవద్దనేది కాదు వదినా. ఇంకా చెయ్యి తిరగలేదు కదా. రోడ్డంతా లారీలు. ఈసారి ఏమన్నా అయితే చక్రంతో పోదు.”

వరదమ్మ మజ్జిగ గిన్నె పట్టుకొని వచ్చి, అతని కంచం ముందు ఆగింది.

“ఈసారి సంగతి ఉండనీ. ఒక మాట చెప్పురా. మీ కాటా కాడ దిమ్మెలకు ఏం రంగు పూసినారు?”

ఢిల్లీబాబు చేతిలోని ముద్ద నోటిదాకా పోలేదు. తల్లి ముఖంలోకి చూసి, వదిన ముఖంలోకి చూసి, కంచంలోకి చూసుకున్నాడు.

“పసుపు,” అన్నాడు. కాసేపటికి, “నలుపు,” అన్నాడు.

“మన గేటు రాళ్లకు?”

లోహిత, వాటికి ఏ రంగూ లేదు కదా అవ్వా అని గుర్తుచేసింది. వెనక్కి వచ్చే లారీకి దారి ఇవ్వబోయి తగిలిందని, ఆ రోజే చెబుదామనుకున్నానని, ఇంతలో నాయన వదిననే అనుకున్నాడని ఢిల్లీబాబు మాటలు మింగుతూ చెప్పాడు. చివర, వదినా అని మాత్రం స్పష్టంగా అని ఆగిపోయాడు. పవిత్ర అతని కంచంలో ఇంకొంచెం ఊరిబిండి వేసింది.

రామచంద్ర తడి చెయ్యి కంచం మీదనే ఉంచి, ఎడమచేత్తో జేబులోంచి తాళం తీశాడు. దాన్ని ఒకసారి తిప్పి చూశాడు. కోడలు ఇంకా కూర్చోలేదని అప్పుడే గమనించినట్టు, ఖాళీగా ఉన్న పీట చూపించి కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. వరదమ్మ తన చేత్తో ఆమెకు కంచం పెట్టి సంగటి వడ్డించింది. రామచంద్ర తాళాన్ని ఆ కంచం పక్కన పెట్టాడు.

“అందరూ వినుండి,” అన్నాడు. “రేపటి నుంచి ఈ తాళం పవిత్ర కాడ ఉంటాది. ఢిల్లీ, బంగారుపాళ్యానికి పొద్దున్నే బస్సుండాది, నువ్వు దాంట్లో పో. ఇంట్లో ఎవరికి కారు కావాలన్నా ఆమెను అడిగి తీసుకోవాల్సిందే. నేనైనా సరే.”